అమ్మ కాలేజీ కబుర్లలో కెప్టెన్ గారు

అమ్మ కాలేజీ కబుర్లు మొదలుపెడితే అందులో ఎక్కడో ఒకచోట కెప్టెన్ గారు వచ్చి తీరాల్సిందే. చిన్నప్పుడు ఆయన మాకు బంధువే అనుకునేవాళ్లం. ఇంటికి ఎప్పుడూ రాని, పండక్కి కూడా కనిపించని బంధువు. కరెంటు పోయిన రాత్రుల్లో డాబా మీద చాపలు పరుచుకుని పడుకుంటే తమ్ముడు "అమ్మా, కెప్టెన్ గారి కబురు చెప్పవా" అని అడిగేవాడు. అమ్మ చెప్పేది. సైకిలు చైను ఊడిపోయి పరీక్షకు పరుగెత్తుకుంటూ వచ్చిన కబురు, క్యారేజీలు తారుమారైన కబురు, తుపాను కబురు. ఆయన యుద్ధంలో చనిపోయారన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మ దాచిపెట్టిందని కాదు. ఆవిడ కబుర్లు 1970 వేసవితో ఆగిపోయేవి. అక్కడికి ఆయన ఇరవై ఏళ్ల విద్యార్థి, అంతే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన చెల్లెలి గారిని అడిగాను. "అన్నయ్య పేరు ఢిల్లీలో రాతి మీద ఉంది. మీరు కబుర్లు రాయండి, చాలు" అన్నారు. కాబట్టి కబుర్లే రాస్తున్నాను.

అమ్మ చదివింది కాకినాడ పిఠాపురం రాజా వారి కళాశాలలో. పీఆర్ కాలేజీ అంటేనే అక్కడ అందరికీ తెలుస్తుంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లోనే ఆడపిల్లలను చేర్చుకున్న కాలేజీ అది. అమ్మ బీఎస్సీలో చేరిన 1967 నాటికి కూడా సైన్సు తరగతుల్లో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చుని, లెక్చరర్ గారు వస్తున్నట్టు తెలిశాక ఆయన వెనకాలే తరగతిలోకి వెళ్లి ముందు వరుసలో కూర్చోవడం, గంట కొట్టగానే మళ్లీ ఆయన వెనకాలే బయటికి రావడం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అనే నినాదం ఇంకా గోడల మీద చెరిగిపోని రోజులు. అబ్బాయిలతో మాట్లాడటం అనేది ల్యాబులో మాత్రమే కుదిరేదట, అది కూడా ప్రయోగానికి సంబంధించిన మాటలైతేనే.

ఫిజిక్స్ ల్యాబులో ఇద్దరిద్దరిని జతగా వేసేవారు. రోల్ నంబర్లు పేర్ల అక్షరక్రమంలో ఉండేవి. అమ్మాయిల సంఖ్య బేసి కావడంతో చివరికి మిగిలిన అమ్మకు పక్క నంబరు అబ్బాయితో జత పడింది. ఆయనే కెప్టెన్ గారు. పెద్దాపురం దగ్గరి మెట్ట ఊరి రైతుబిడ్డ. మొదటి రోజు ఆయన బల్లకు ఆ చివర నిలబడి, స్క్రూగేజి చదివి, "ఏమండీ, ఈ రీడింగు మీరు కూడా ఒకసారి చూస్తారా" అన్నారట. మూడేళ్లూ ఆ 'ఏమండీ' మారలేదు. అమ్మ కూడా ఆయన్ని మీరు అనే అనేది. ఇప్పటికీ అలాగే అంటుంది. ఇరవై రెండేళ్లకే ఆగిపోయిన కుర్రాడి గురించి డెబ్బై దాటిన మనిషి "ఆయన అలా అన్నారు, ఆయన ఇలా చేశారు" అని చెబుతుంటే కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. మాకు అలవాటైపోయింది.

న్యూటన్ వలయాల ప్రయోగం గురించి అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. చీకటి గది. సోడియం దీపం వెలిగించగానే పసుపు రాదు. ముందు ఎర్రగా మొదలై, నెమ్మదిగా పసుపులోకి తిరుగుతుంది. అది నిలకడగా వెలిగేదాకా ఆగాలి. గాజు పలక మీద కటకం, దాని పైన వాలుగా ఇంకో గాజు పలక, ఆ పైన ట్రావెలింగ్ మైక్రోస్కోపు. అందులోంచి చూస్తే మధ్యలో ఒక నల్లచుక్క, దాని చుట్టూ చీకటి వలయం, వెలుగు వలయం, మళ్లీ చీకటి వలయం. బయటికి వెళ్లేకొద్దీ సన్నబడుతూ, దగ్గర దగ్గరగా జరుగుతూ కళ్లను మోసం చేస్తాయి. ఎడమవైపు ఇరవయ్యో చీకటి వలయం మీద అడ్డుతీగను ఆనించి, అక్కడి నుంచి ఒక్కో వలయానికి రీడింగు తీసుకుంటూ, నల్లచుక్క దాటి, కుడివైపు ఇరవయ్యో వలయం దాకా రావాలి. స్క్రూను ఒకే దిక్కుకు తిప్పాలి. కాస్త ముందుకు పోయిందని వెనక్కి తిప్పితే మరలోని వదులు వల్ల రీడింగు చెడుతుంది. లెక్క తప్పితే మళ్లీ మొదటికి రావడమే.

అందరూ లెక్క తప్పేవారు. తప్పినవాళ్లలో చాలామంది మధ్య రీడింగులు అంచనాగా వేసేసుకునేవారు. కెప్టెన్ గారు మాత్రం కన్ను తీయకుండా "పదమూడు" అని, కాసేపు ఆగి, "ఏమండీ, అది పన్నెండో పదమూడో నాకు నమ్మకం కుదరడం లేదు, మొదటి నుంచి చూద్దామా" అనేవారట. పక్క బల్లల వాళ్లు వెళ్లిపోయినా, అటెండరు తాళాల గుత్తి చప్పుడు చేస్తున్నా సరే. ఆయన చూసి చెబితే అమ్మ రాసేది, అమ్మ చూసి చెబితే ఆయన రాసేవారు. అందుకని అమ్మ అబ్జర్వేషన్ పుస్తకంలో సగం అంకెలు ఆయన చేతివే. ఏడు అంకెకు నడుము దగ్గర చిన్న అడ్డగీత గీసేవారట. ఒకటికీ ఏడుకూ తేడా తెలియాలని.

'కెప్టెన్' అనే పేరు ఎన్‌సీసీ వల్ల వచ్చింది. చైనా యుద్ధం తర్వాత 1963 నుంచి కాలేజీ అబ్బాయిలకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. వీళ్లు చేరిన మరుసటి ఏడాది, 1968లో, ఆ నిబంధన ఎత్తేశారు. ఎత్తేసిన వారమే క్లాసులో చాలామంది ఖాకీ బట్టలు మడిచి పెట్టెలో పడేశారు. ఆయన మానలేదు. అద్దె గదిలో గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు తీర్చి, బెల్టు బిళ్లకు బ్రాసో రుద్ది, తెల్లవారకముందే మైదానానికి వెళ్లేవారు. పరేడ్ అయ్యాక ఇచ్చే టిఫిను పొట్లం తాను తినకుండా గదిలో నిద్రపోతున్న మిత్రుడికి తెచ్చేవారని ఆ మిత్రుడే ఈమధ్య చెప్పారు. ఆ మిత్రుడు మాకు పెదనాన్న వరస అయ్యారు, చుట్టరికం వల్ల కాదు, అమ్మ అన్నయ్య గారూ అని పిలుస్తుంది కాబట్టి.

గోదావరి జిల్లాల్లో సైన్యం అంటే తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరే చెబుతారు. మిలటరీ మాధవరం అనే పిలుస్తారు దాన్ని. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరది. కెప్టెన్ గారి ఊరికి అలాంటి చరిత్ర లేదు. ఆ ఊరి నుంచి సైన్యంలోకి వెళ్లిన మొదటి మనిషి ఆయనే. ఎందుకు వెళ్లాలనుకున్నారని అమ్మను చాలాసార్లు అడిగాను. దేశభక్తి గురించి ఆయన పెద్ద మాటలేవీ చెప్పలేదంటుంది అమ్మ. అయితే 1969 నవంబరు తుపాను తర్వాత ఆయన మనసు గట్టిపడిందని ఆవిడ నమ్మకం.

ఆ తుపానును మా అమ్మమ్మ తరం వాళ్లు మరిచిపోలేదు. కాకినాడ మీదే విరుచుకుపడింది. జగన్నాథపురంలో అమ్మవాళ్ల పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. వాకిట్లో కూలిన వేపచెట్టు తలుపుకు అడ్డంగా పడి ఇంట్లోవాళ్లు బయటికి రాలేకపోయారు. తెల్లవారాక గొడ్డళ్లు, తాళ్లు పట్టుకుని ఎన్‌సీసీ పిల్లలు వీధి వీధీ తిరిగారు. అమ్మవాళ్ల వాకిట్లో చెట్టు నరికినవాళ్లలో ఆయన ఉన్నారు. ఇల్లు ఎవరిదో తెలియదు. తలుపు తెరుచుకున్నాక అమ్మను చూసి, "ఏమండీ, ఇది మీ ఇల్లా" అని, మంచినీళ్లు తాగి, పక్కింటికి వెళ్లిపోయారు. తాతగారు కాఫీ ఇస్తామన్నా ఆగలేదు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉండేవట. ల్యాబులో స్క్రూ తిప్పలేక, "ఈ వారం మీరే చూడండి, నేను రాస్తాను" అన్నారట. నొప్పి అని చెప్పలేదు. పెన్ను పట్టుకున్న తీరు చూసి అమ్మే గ్రహించింది.

అదే ఏడాది జులైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. మన దేశంలో అప్పటికి సోమవారం ఉదయం. కాలేజీ గేటు ఎదుట టీ దుకాణంలో రేడియో పెద్దగా పెట్టారు. ఫిజిక్స్ తరగతి మొత్తం అక్కడే ఉంది. అమ్మాయిలు రోడ్డుకు ఇవతలే నిలబడి విన్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే కెప్టెన్ గారు మాత్రం అరచేతిలో ఏదో లెక్క వేసుకుంటున్నారు. చంద్రుడి నుంచి వాళ్ల మాట భూమికి చేరడానికి సెకనుకు పైగా పడుతుందని, అంటే మనం వింటున్నది అప్పటికే జరిగిపోయిన సంగతని ఆ మధ్యాహ్నం ల్యాబులో అమ్మకు చెప్పారట. ఫిజిక్స్ లెక్చరరుగా పనిచేసినన్నాళ్లూ అమ్మ కాంతి వేగం పాఠం ఈ ముచ్చటతోనే మొదలుపెట్టేది. ఎవరు చెప్పిన మాటో కూడా చెప్పేది. అలా ఎంతమంది పిల్లలకు ఆయన తెలిశారో.

క్యారేజీ సంగతి కూడా చెప్పాలి. ఆయనకు రోజూ ఊరి నుంచి బస్సులో క్యారేజీ వచ్చేది. ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చి గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఇది మామూలే. కండక్టరు సీటు పక్కన క్యారేజీలు వరసగా పేర్చి ఉండేవి. మూతల మీద రంగుతో పేర్లు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆయన సైకిలు మీద బస్టాండుకు వెళ్లి తెచ్చుకునేవారు. ఒకరోజు ఎవరి క్యారేజీయో వచ్చింది, తెరిస్తే చేపల పులుసు. శాకాహారి మిత్రుడు తన గదిలో వాసన పట్టిందని రెండు రోజులు మాట్లాడలేదట. తమ్ముడికి ఈ కబురు మరీ ఇష్టం. చేపల పులుసు ఎవరు తిన్నారని ప్రతిసారీ అడిగేవాడు.

1970లో డిగ్రీ అయింది. గ్రూపు ఫోటోలో లెక్చరర్లూ అమ్మాయిలూ కుర్చీల్లో, అబ్బాయిలు వెనక బల్లల మీద. ఆయన పై వరుసలో ఎడమ నుంచి మూడో మనిషి. కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తున్నారు, ఎవరో ఏదో అన్నట్టున్నారు, నవ్వు ఆపుకుంటున్న ముఖం. మా ఇంట్లో ఉన్న ఆయన బొమ్మ అదొక్కటే. దానికి ఫ్రేము కట్టించింది నాన్న. ఈ స్నేహాన్ని ఎవరైనా మరో రకంగా అనుకుంటే నాన్నకు కోపం వచ్చేది. నాకూ వస్తుంది. ఒక ఆడమనిషి ఒక మగవాడిని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకుందంటే మనవాళ్లకు ఒకటే కారణం తోస్తుంది. బల్లకు ఆ చివరా ఈ చివరా నిలబడి మూడేళ్లు నిజాయితీగా అంకెలు రాసుకున్న ఇద్దరి మధ్య ఉండే గౌరవం చాలా పెద్దదని ఎందుకు తోచదు?

ఆయన ఇంటర్వ్యూ నెగ్గి మద్రాసులో పరంగిమలై దగ్గరి ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్లో చేరారు. సామర్లకోట స్టేషన్లో మద్రాసు మెయిలు ఎక్కించడానికి మిత్రులంతా వెళ్లారు. అమ్మాయిలు వెళ్లే రోజులు కావు. వాళ్ల నాన్నగారికి ఈ ఉద్యోగం ఇష్టం లేదు, అయినా వచ్చి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె పట్టుకుని నిలబడ్డారట. శిక్షణ ముగించుకుని 1971లో ఆయన సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. ఇప్పుడు సైన్యంలో ఆ హోదా లేదు. కాలేజీలో కెప్టెన్ అయిన మనిషి సైన్యంలో కెప్టెన్ కాలేకపోయారు.

అమ్మ అప్పటికి వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎమ్మెస్సీ చదువుతోంది. పెదనాన్న గారు కూడా అక్కడే. ఆయనకు కెప్టెన్ గారి నుంచి 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాతో ఉత్తరాలు వచ్చేవి. ఎక్కడున్నదీ రాయకూడదు కనుక చలి గురించి, చెరకు తోటల గురించి, తన ప్లటూనులోని మనుషుల గురించి రాసేవారు. ఒక ఉత్తరం చివర, "వలయాలు లెక్కపెట్టిన ఓపిక ఇక్కడ బాగా పనికొస్తోందని ఆవిడకు చెప్పు" అని ఉంది. పెదనాన్న గారు డిపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడి ఆ వాక్యం అమ్మకు చదివి వినిపించారు. ఆయన దగ్గరి నుంచి అమ్మకు అందిన ఆఖరి మాట అది.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. విశాఖపట్నంలో బ్లాకౌటు. హాస్టలు కిటికీలకు నల్ల కాగితాలు అతికించారు. ఆ అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది. కిటికీ అద్దాలు గజగజ వణికాయని అమ్మ చెబుతుంది. విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ రేవు బయట మునిగిపోయిందని ఆ తర్వాత తెలిసింది. విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపేశారు. ఆ రాత్రి అమ్మాయిలంతా వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ మేలుకున్నారు. ఒకరి అన్న నౌకాదళంలో ఉన్నాడు, ఇంకొకరి బావ వైమానిక దళంలో. మీకెవరున్నారని అడిగితే అమ్మ, "మా ల్యాబ్ పార్ట్‌నరు ఉన్నారు" అందట.

16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. తొంభై మూడు వేల మంది బందీలు. మరునాడు, 17వ తేదీ, పత్రికల్లో మొదటి పేజీ అంతా అదే. హాస్టల్లో మధ్యాహ్నం పాయసం చేశారు. పడమటి సరిహద్దులో మాత్రం ఇంకా యుద్ధం ఆగలేదు. అక్కడ కాల్పుల విరమణ ఆ రాత్రి ఎనిమిది గంటల నుంచి. షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది అవతలి ఒడ్డున మందుపాతరలు దాటి వెళ్లిన మన దళాలు ఆ ఉదయం ఇంకా ఎదురుదాడులు కాచుకుంటూనే ఉన్నాయి. ఆ ఉదయమే ఫిరంగి గుండు పేలి కెప్టెన్ గారు పోయారు.

పాయసం సంగతి అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. హాస్టల్లో ఆవిడతో ఉన్న స్నేహితురాలు చెప్పారు. ఆ తర్వాత ఎప్పుడూ అమ్మ ఆ హాస్టల్లో పాయసం ముట్టుకోలేదని కూడా.

కబురు జనవరిలో అందింది. ఊరికి తంతి ముందే వచ్చింది, ఇంగ్లీషులో. బడిపంతులు గారు చదివి, మొదట నాన్నగారిని పక్కకు తీసుకెళ్లి చెప్పారు. ఇప్పటి వాళ్లకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఇప్పుడు జవాను చనిపోతే జెండా కప్పిన పేటిక ఊరికి వస్తుంది, జనమంతా కదిలి వస్తారు. అలా ఇళ్లకు పంపడం 1999 కార్గిల్ యుద్ధం నుంచే. 1971లో యుద్ధభూమి దగ్గరే దహనం చేసేవారు. ఆ యుద్ధంలో మనవాళ్లు మూడు వేల ఎనిమిది వందల మందికి పైగా పోయారు. ఎక్కువమంది తల్లులు బిడ్డ ముఖం చూడనే లేదు. కెప్టెన్ గారి ఇంటికి కొన్నాళ్లకు ఒక నల్ల ట్రంకుపెట్టె వచ్చింది. నాన్నగారు సామర్లకోటలో పట్టుకుని నిలబడ్డ పెట్టే అది. మూత మీద తెల్లరంగుతో పేరు, హోదా కొత్తగా రాసి ఉన్నాయి. లోపల గడ్డం గీసుకునే సామాను, రెండు స్వెట్టర్లు, పోస్టుకార్డుల కట్ట. ఆ కార్డులు వాళ్లమ్మ చెప్పగా తొమ్మిదేళ్ల చెల్లెలు రాసినవి. ఆవిడకు చదువు రాదు. చెల్లి రాసిన ప్రతి కార్డులోనూ ఆయన ఎర్రసిరాతో ఒత్తులు దిద్దారు. సెలవులో వచ్చినప్పుడు చూపిద్దామని దాచుకున్నట్టున్నారు.

అమ్మ ఎమ్మెస్సీ పరీక్షలు అయ్యాక, 1972 మే నెలలో, మా పెద్దమామయ్యను తోడు తీసుకుని ఆ ఊరు వెళ్లింది. చేతిలో అబ్జర్వేషన్ పుస్తకం. ఎందుకు తీసుకెళ్తున్నదో తనకే స్పష్టంగా తెలియదంటుంది. వాళ్లమ్మగారు వసారాలో కూర్చుని ఉన్నారు. గోడకు ఎన్‌సీసీ దుస్తుల్లో ఆయన ఫోటో. అమ్మ ఎవరో చెప్పుకుంటే ఆవిడ ఏడవలేదు. "కూర్చో తల్లీ, ఎండలో వచ్చావు" అని మజ్జిగ ఇచ్చారు. పుస్తకం చూపిస్తే, తడిచేయి చీర చెంగుకు తుడుచుకుని అందుకుని, "ఇందులో మావాడు రాసింది ఏది?" అని అడిగారు.

అమ్మ చూపించింది. ఎడమ రీడింగు, కుడి రీడింగు, వ్యాసం, వ్యాసం వర్గం అని నాలుగు గడులు. అందులో రెండు ఆయన రాసినవి. అడ్డగీత ఉన్న ఏడు ఎలా ఉంటుందో ఒకటి చూపించాక ఆవిడే మిగతావి గుర్తుపట్టడం మొదలుపెట్టారు. చూపుడువేలు పైనుంచి కిందికి జరుపుతూ, ఏడు దగ్గర ఆగి, "ఇదిగో" అని, మళ్లీ కిందికి. పుటలు తిప్పుతూ పుస్తకమంతా అలా వెతికారు. చాలాసేపు పట్టింది. మామయ్య బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. అయిపోయాక ఆవిడ, "ఇది నీ చదువు పుస్తకం కదా, మళ్లీ కావాలేమో" అన్నారు. "నా చదువు అయిపోయింది పిన్నిగారూ" అని అమ్మ దాన్ని అక్కడే వదిలి వచ్చింది.

ఆ మరుసటి ఏడు అమ్మకు పెళ్లి. నాన్నది బ్యాంకు ఉద్యోగం, నాలుగేళ్లకో ఊరు. ఆ కుటుంబంతో రాకపోకలు తెగిపోయాయి.

ఇండియా గేటు దగ్గర జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. తమ్ముడు ఢిల్లీలో ఉంటాడు కాబట్టి ఒక శీతకాలం అమ్మను తీసుకెళ్లాను. వలయాకారంలో కట్టారు దాన్ని. అమర చక్రం, వీరతా చక్రం, త్యాగ చక్రం, రక్షక చక్రం, ఒకదాని చుట్టూ ఒకటి. త్యాగ చక్రం గోడల్లో ఒక్కో అమరుడికి ఒక్కో గ్రానైటు పలక, మీద బంగారు రంగు అక్షరాలు. ఇరవై అయిదు వేలకు పైగా పేర్లు. కెప్టెన్ గారి పలక దొరికాక అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని చదివింది. పక్కనే కాలేజీ వయసు కుర్రాడొకడు ఫోటోలు తీసుకుంటూ, అమ్మ ఆ పలక ముందు అంతసేపు నిలబడటం చూసి, కొడుకా అని హిందీలో అడిగాడు. అమ్మ తనకొచ్చిన హిందీలో, కాదు, నాతో చదువుకున్నారు అని చెప్పింది. ఆ కుర్రాడు పలక వైపు, అమ్మ తెల్లజుట్టు వైపు చూసి, ఫోను జేబులో పెట్టేసుకుని చేతులు జోడించాడు.

నాకు అక్కడ తట్టిన సంగతి ఒకటుంది. సైన్యం దగ్గర ఆయన ఆఖరి నెలల లెక్క ఉంది. ఏ దళం, ఏ హోదా, ఏ రోజు. ఆయన పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. తల్లిదండ్రులు పోయారు. ఆయన ఎలా నవ్వేవారో, టీలో చక్కెర ఎంత వేసుకునేవారో, ఏ పాఠం అంటే ఇష్టమో తెలిసినవాళ్లు ఆ బీఎస్సీ తరగతిలో మిగిలిన కొద్దిమందే. వాళ్లందరికీ డెబ్బై అయిదు దాటుతున్నాయి. తిరిగి వచ్చాక అమ్మ చెప్పేవన్నీ ఫోనులో రికార్డు చేయడం అప్పుడే మొదలుపెట్టాను. పెదనాన్న గారిని కూడా వదల్లేదు. చేపల పులుసు తిన్నది ఆయనేనట, శాకాహారి మిత్రుడు అంటే ఆయనే. ఈ మాట వినగానే తమ్ముడు ఢిల్లీ నుంచి ఫోను చేసి మరీ నవ్వాడు.

చెల్లెలి గారి నంబరు కూడా పెదనాన్న గారే పట్టుకున్నారు. ఆవిడ రాజమండ్రిలో ఉంటున్నారు, మనవళ్లున్నారు. అమ్మ మొదటిసారి ఫోను చేసినప్పుడు ఇద్దరూ కాసేపు క్షేమసమాచారాలే మాట్లాడుకున్నారు. తర్వాత ఆవిడ, "అక్కయ్యగారూ, అన్నయ్య ఇల్లు వదిలి కాకినాడ వెళ్లేసరికి నాకు అయిదేళ్లు. ఒత్తులు దిద్దడం, సెలవుల్లో వచ్చి భుజం మీద ఎక్కించుకోవడం తప్ప నాకేమీ గుర్తు లేదు. మీరు రోజూ చూశారు కదా, చెప్పండి" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఫోను. అడిగేవన్నీ చిన్న చిన్న సంగతులే. అన్నయ్య పాడేవాడా? పాడేవారు, శ్రుతి మాత్రం కుదిరేది కాదు. కోపం వచ్చేదా? ఎవరైనా అంచనాగా రీడింగు వేస్తే వచ్చేది. సినిమాలు చూసేవాడా? ఈ సంగతి పెదనాన్న గారిని అడిగి చెప్పాల్సి వచ్చింది, మొదటి ఆట వదిలేవారు కాదట. పొద్దున్నే క్యారేజీ రోడ్డు మీదికి తెచ్చి కండక్టరు చేతికి ఇచ్చేది ఈవిడేనట, ఆ చిన్న వయసులో, అరమైలు నడిచి. ఒకసారి దారిలో పడిపోయి కూర కొంత ఒలికితే భయపడి ఇంట్లో చెప్పలేదు. "ఆ రోజు అన్నయ్య ఏమీ అనలేదా అక్కయ్యగారూ, మీకేమైనా గుర్తుందా?" అని మొన్న అడిగారు.

అమ్మకు గుర్తు లేదు. పెదనాన్న గారికీ గుర్తు లేదు. ఆ తరగతిలో క్యారేజీ పంచుకున్న వారు ఇంకొకరు బెంగళూరులో కూతురి దగ్గర ఉన్నారని తెలిసింది. ఆయనకు వినికిడి తగ్గింది, ఫోనులో కుదరదు. ప్రశ్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నిన్న పంపాను. అమ్మ కింద తన పేరుతో పాటు పాత రోల్ నంబరు కూడా వేసింది, ఆయన వెంటనే గుర్తుపట్టాలని.